కొత్తలంకలో రెండో గ్లాసు

19వ రోజు. పాటిలంక రేవు. జనం 74. పగిలినవి: ఒక గాజు గొట్టం (నా మోచెయ్యి తగిలి).

ఈ పుస్తకం మా యూనివర్సిటీ రసాయన శాఖ పంటుది; రేవు రేవుకీ తిరిగి జనానికి ప్రయోగాలు చూపించే పడవ అది. తేదీ, రేవు పేరు, సభకి వచ్చిన జనం, పగిలిన గాజు సామాను, ఇంతే రాయాలని మొదటి పేజీలో శాఖవారి ఆదేశం ఉంది. నాకు ముందు రాసిన సీనియరు బుద్ధిగా అలాగే రాశాడు. ఆయన మూడేళ్ల రాత చదివితే ఎన్ని బీకర్లు పగిలాయో తెలిసింది గానీ ఒక్క మనిషి మొహం కనబడలేదు. నాకు అలా రాయడం చేతకాదు. అభ్యంతరం ఉన్నవారు పేజీలు చింపుకోవచ్చు.

పంటు మీద నలుగురం. షంషాద్ సభలో మాట్లాడుతుంది. రత్నాకర్ గాజు సామాను కడుగుతాడు, వంట చేస్తాడు, అలుగుతాడు. నేను మృణాళినిని. కొలుస్తాను, రాస్తాను, మిగతావాళ్ల మీద అరుస్తాను. ముగ్గురం ఎమ్మెస్సీ రెండో ఏడు. నాలుగో మనిషి పంటు నడిపే సరంగు పోలయ్య బాబాయి. రసాయన శాస్త్రం గురించి ఆయన్ని అడిగితే ముక్కు మూసుకుంటాడు.

పొద్దున్నే నా మొదటి పని పంటు కప్పు మీద పాకిన తీగ నుంచి శంఖుపూలు కోయడం. వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. ఆ నీలంలో నిమ్మరసం పిండితే ఊదా అవుతుంది, సోడా వేస్తే ఆకుపచ్చ. తెప్పల మీద కట్టుకున్న ఈ ఊళ్లలో ఆ రంగులు చూసి పిల్లలు పెట్టే కేకలకి రేవులో కొంగలు లేచిపోతాయి. ప్రతి ఇంట్లోనూ కూర్పుపెట్టె ఉంది. మీట నొక్కితే సబ్బు, ఇంకోటి నొక్కితే ఉప్పు, ఇంకోటి నొక్కితే జ్వరం మాత్ర. ఏది దేనితో అయిందని అడిగే అవసరం ఎవరికీ రావడం లేదు. ఇవాళ ఒక చిన్నపిల్ల మాత్రం "సబ్బు ఏ చెట్టుకి కాస్తుందండీ?" అని అడిగింది. షంషాద్ ఎగిరి గంతేసి ఆ పిల్లని ముద్దు పెట్టుకుంది.

ఇవాళ ఒక నిర్ణయం కూడా తీసుకున్నాం. మా సభలో మొదటి అంకం ఊరి నీళ్లు. ఊరి నీళ్లు ఒక గ్లాసులో, మేం పంటు మీద ఆవిరి పట్టిన డిస్టిల్డ్ నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెంటిలోనూ శంఖుపూల నీళ్లు కలుపుతాం. రెండూ నీలంగానే ఉంటాయి. మీ నీళ్లు మంచివి అని చెబుతాం. సరిగ్గా అక్కడే జనం ఆవలిస్తారు. నాలుగు రేవుల్లో లెక్కపెట్టాను, లేచి వెళ్లేవాళ్లు ఆ రెండో గ్లాసు దగ్గరే లేస్తున్నారు.

"ఏమీ జరగని గ్లాసుని ఎవరు చూస్తారే?" అంది షంషాద్.

తీసేద్దాం అన్నాను. అన్నది నేనే, ఎవరి మీదికీ నెట్టడం లేదు. సాయంత్రం సభలో ఒక్కరు కూడా లేవలేదు. పైగా డిస్టిల్డ్ నీళ్లు కాచే పని తప్పింది, వానాకాలం మబ్బుల్లో బ్యాటరీ కూడా మిగిలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

23వ రోజు, ఆదివారం. కొత్తలంక. జనం 212. పగిలినవి: లేవు.

ఇంత జనాన్ని ఈ యాత్రలో చూడలేదు. కొత్తలంక పెద్ద ఊరు, రెండువేల పైచిలుకు మనుషులు. వారం రోజులు ఇక్కడే ఉంటాం.

ఈ ఊళ్లలో ఒక మర్యాద ఉంది. వచ్చిన పంటుకి ఊరి నీళ్లకాపరి స్వయంగా తొలినీళ్లు పోయాలి. ఇక్కడి నీళ్లకాపరి వీర్రాజు గారు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతులకి తెల్ల తొడుగులు, తోమిన ఇత్తడి చెంబు. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రాన్ని పంతొమ్మిదేళ్లుగా ఆయనే చూస్తున్నాడు.

"మా నీళ్లు తాగినోళ్లు మళ్లీ ఇంకో ఊరి నీళ్లు తాగరండి అమ్మాయి గారూ," అని చెంబు వంచాడు.

మధ్యాహ్నం భోజనం అచ్చియ్యమ్మ గారి మెస్సులో. ఈమె కూర్పుపెట్టెని వంటింట్లోకి రానివ్వలేదట. చేత్తోనే వండుతుంది. ముద్దపప్పు వెన్నలా కరిగిపోయింది, పైగా కొంచెం ఎర్రగా, కుంకుమ కలిపినట్టు ఉంది. టీ నల్లగా, చిక్కగా ఉంది. మేం పప్పు మారు మీద మారు వడ్డించుకున్నాం.

"ఆ రంగు మా నీళ్లదండి," అంది అచ్చియ్యమ్మ గారు గరిటె ఊపుతూ. "మొదట్లో పప్పు ఉడకడానికి గంట పట్టేదండి. ఈమధ్య వారం వారం తగ్గతా వచ్చి ఇప్పుడు అరగంటలో ముద్దయిపోతంది. చుట్టుపక్కల ఏ లంకలోనైనా ఉందా ఇలాగ, మీరే చెప్పండి?"

లేదండీ అన్నాం. ముగ్గురం రసాయన శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నవాళ్లం. వేళ్లు నాకుతూ అన్నాం.

సభ బ్రహ్మాండంగా జరిగింది. ఒక్క చిన్న చిక్కు. తొలినీళ్లలో శంఖుపూల నీళ్లు పోస్తే నీలం బదులు నెమలిపింఛం రంగు వచ్చింది. షంషాద్ తడుముకోకుండా మాటల్లో దాటించేసింది. ఫ్లాస్కుల్ని మేం సోడాతో తోముతాం. సరిగ్గా తొలవకపోతే ఆ సోడా మిగిలి రంగు తిరుగుతుంది. తొలవాల్సింది రత్నాకర్. దిగగానే అడిగేశాను.

"బాగానే కడిగాను," అన్నాడు.

"బాగా కడిగితే ఇలా ఎందుకొస్తుంది?" అన్నాను.

24వ రోజు, సోమవారం. బడిలో సభ. పిల్లలు 90. పగిలినవి: ఒక స్నేహం, తాత్కాలికంగా.

రత్నాకర్ పొద్దున్నే ఫ్లాస్కులన్నీ రేవు కొళాయి దగ్గర ఆరుసార్లు తొలిచాడు. బడిలో కొళాయి నీళ్లు పోసి చూస్తే మళ్లీ ఆకుపచ్చే. వాడిని లేవమని నేనే కూర్చుని పదిసార్లు తొలిచాను. ఇంకా ఆకుపచ్చ. సోడా గాజులోకి ఇంకిపోయింది అని తీర్మానించాను. గాజులోకి సోడా ఇంకదు. ఆ సంగతి మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెబుతాను.

రసాయనం చదివినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఫలితం తేడాగా వస్తే ముందు గిన్నె కడగలేదంటాం. మా ప్రొఫెసరు గారు నాలుగేళ్లు మా నెత్తిన మొట్టి నేర్పిన పాఠం అది. మంచి అలవాటే. కానీ ఇవాళంతా నేను ఆ అలవాటుతో రత్నాకర్‌ని కాల్చుకు తిన్నాను. వాడు మాట్లాడడం మానేశాడు. రాత్రి వంట ఉప్మా. వాడికి కోపం వస్తే ఉప్మాయే.

బడిలో ముందు వరస పిల్లల్లో నలుగురైదుగురికి మూతి చివర్లు పగిలి ఉన్నాయి. చలిగాలి అనుకున్నాను. ఇంకా చలికాలం రాలేదు.

25వ రోజు, మంగళవారం. వాన. సభ లేదు.

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న వాన మొదలవగానే రత్నాకర్ గానుగెద్దులా ఒక్క మాట లేకుండా ఫ్లాస్కులు తీసుకెళ్లి కప్పు మీద వరసగా పెట్టాడు. గంట తర్వాత వాన నీళ్లతో నిండిన ఫ్లాస్కు తెచ్చి నా ఎదురుగా పెట్టి, శంఖుపూల నీళ్లు పోశాడు. నీలం. ఏ పేచీ లేని నీలం. పక్కనే అలాంటిదే ఇంకో ఫ్లాస్కులో కొళాయి నీళ్లు పోసి కలిపాడు. ఆకుపచ్చ.

ఫ్లాస్కులు శుభ్రంగానే ఉన్నాయి. ఎంత తొలిచినా రంగు మారలేదంటే, తప్పు గాజుది కాదు, నీళ్లదే.

 పప్పు, టీ, పిల్లల మూతులు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. నీళ్లలో క్షారం ఉంటే పప్పు ఇట్టే మెదిగిపోతుంది. పసుపు ఎర్రబడుతుంది. టీ నల్లబడుతుంది. చర్మం పగులుతుంది. రెండో గ్లాసు పెట్టి ఉంటే ఆదివారం సాయంత్రం, రెండువందల మంది ఎదుట, అర నిమిషంలో తెలిసిపోయేది. రెండు రోజులు పోగొట్టింది నేను.

రత్నాకర్‌కి క్షమాపణ చెప్పాను. "వీర్రాజు గారి దగ్గరికి పదండి ముందు," అన్నాడు. ఇవాళ వాడు మాట్లాడిన మొదటి మాట అదే.

వీర్రాజు గారు యంత్రం గదిలో ఉన్నారు. గది అద్దంలా ఉంది. గోడ మీద తెల్లదీపం వెలుగుతోంది. అది వెలిగితే నీళ్లు మంచివి, ఎర్రబడితే చెడ్డవి. ప్రతి శుక్రవారం యంత్రం తన లోపలి జల్లెడల్ని తనే క్షారంతో కడుక్కుంటుందని, అప్పుడు ఒక వాల్వు మంచినీళ్ల గొట్టాన్ని మూసి ఆ క్షారాన్ని సముద్రంలోకి మళ్లిస్తుందని ఆయనే చెప్పాడు. ఆ వాల్వు సరిగ్గా మూసుకోకపోతే? వారం వారం ఇంకొంచెం ఎక్కువ కారితే? అచ్చియ్యమ్మ గారి పప్పు గంట నుంచి అరగంటకి దిగిందంటే అంతే కదా. ఈ శుక్రవారం కడుగుడు అయ్యాక ఆ నీళ్లు పిల్లల నోళ్లు పొక్కిస్తాయి. ఆ పై శుక్రవారం గొంతులు.

ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"దీపం తెల్లగానే ఉంది కదండీ," అన్నాడు.

"దీపం తప్పు చూపిస్తోందేమోనండీ."

"పంతొమ్మిదేళ్లండి. పువ్వుల రసం చూసి ఊరందరికీ నీళ్లు కట్టెయ్యమంటారా? ఊళ్లోకి నీళ్లొదిలే ఈ గేటు ఒకసారి దింపితే మళ్లీ ఆఫీసు మనిషి వచ్చి తాళం తీసేదాకా లేవదండి. అన్నాళ్లూ జనం ఏం తాగుతారు?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఒడ్డు మీద ఉన్న నీటి సరఫరా ఆఫీసుకి కబురు పెట్టాం. సాయంత్రానికి జవాబు వచ్చింది. మెకానిక్కు పదకొండు రోజుల తర్వాత వస్తాడు. దీపం తెల్లగా ఉన్నంతవరకు నీటి సరఫరా ఆపరాదు.

26వ రోజు, బుధవారం. కొత్తలంక, అచ్చియ్యమ్మ గారి మెస్సు. జనం 150కి తక్కువ కాదు. పగిలినవి: మా పరువు.

షంషాద్ రేవులో నిలబడి అందరికీ చాటి చెప్పేద్దాం అంది. పోలయ్య బాబాయి అడ్డుపడ్డాడు.

"నీళ్లలో విషం అని అరిచావనుకో అమ్మా, గంటలో ఈ ఊరోళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని పడవలెక్కేత్తారు. ఈ గాలిలో సగం పడవలు బోల్తా కొట్టేత్తాయి. నువ్వే చంపినట్టవుద్ది."

అందుకని భయపెట్టకుండా, జనానికి తెలిసిన భాషలో చూపిద్దామనుకున్నాం. కొళాయి నీళ్లతో ఒక కుండ, వాన నీళ్లతో ఒక కుండ. ఒకే పప్పు, ఒకే పసుపు, ఒకే మంట. తేడా కళ్లకి కడుతుంది. ఈ ఆలోచన కూడా నాదే.

కళ్లకి కట్టింది. అరగంటకి కొళాయి నీళ్ల పప్పు వెన్నముద్దయింది. గంట కావస్తున్నా వాన నీళ్ల పప్పు పలుకు పలుకుగా, పసుపుపచ్చగా అలాగే ఉంది. అచ్చియ్యమ్మ గారు రెండూ రుచి చూసి, వాన నీళ్ల గరిటె పక్కన పెట్టి, నన్ను జాలిగా చూసింది.

"ఇది పప్పేంటమ్మాయ్, గులకరాళ్లు! మా నీళ్ల గొప్పతనం ఇంత బాగా ఎవరూ చూపించలేదనుకో."

మెస్సంతా ఈలలు, చప్పట్లు. అడిగి మరీ ఎర్రపప్పు వేయించుకున్నారు. ఈ ఎర్రదనమే చెడ్డ గుర్తు అని షంషాద్ గొంతు చించుకుంది. ఒక పెద్దాయన ఆమె భుజం తట్టి, "తినమ్మా, బాగుంది, తిను," అన్నాడు.

అంత నవ్వులోనూ ఒక్కటి గమనించాను. గరిటె పట్టుకున్న అచ్చియ్యమ్మ గారి వేళ్ల చివర్లు పొట్టు లేచిపోయి ఉన్నాయి. అడిగితే, ఆవకాయ కలిపాను కదా అంది. ఆవకాయ ఎప్పుడు కలిపిందో మాత్రం ఆమెకే గుర్తు రాలేదు.

27వ రోజు, గురువారం. గేటు దింపిన సమయం: సాయంత్రం 4 గంటల 40 నిమిషాలు.

 రేపటి కడుగుడుకి ఇంక ఒక్క రోజు. మధ్యాహ్నం రెండు ఫ్లాస్కులు, శంఖుపూల సీసా, నిమ్మరసం చుక్కల గొట్టం తీసుకుని ఒక్కదాన్నే యంత్రం గదికి వెళ్లాను. ఆయనకి పాఠం చెప్పడానికి కాదు. మంగళవారం చెప్పకుండా దాచిన ముక్క ఒకటి ఉంది, అది చెప్పడానికి.

"వీర్రాజు గారూ, ఆదివారమే రంగు తేడా వచ్చిందండి. మీరు పోసిన తొలినీళ్లలోనే. అప్పుడే మీకు చెప్పాల్సింది. గిన్నె సరిగ్గా కడగలేదనుకుని రెండు రోజులు మాలో మేం కొట్టుకున్నాం. పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక గ్లాసు ఉండాలి, జనానికి విసుగొస్తోందని దాన్ని నేనే తీసేశాను. ఆ తప్పు నాది. ఆ రెండు రోజులూ మీ ఊరి పిల్లలు ఆ నీళ్లే తాగారు."

ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"మరి మీరేం చూసి తప్పని తెలుసుకున్నారండి?"

"రత్నాకర్ వాన నీళ్లు పట్టి చూపించాడండి."

ఆయన మెల్లగా చేతి తొడుగులు తీశాడు. అరచేతులు ఎర్రగా, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. మా పంటు రాకముందు నుంచే అలా ఉన్నాయట.

"నెలైందండి. ముసలితనం అనుకున్నాను. కోడలు చూత్తే కంగారుపడుద్దని తొడుగులేసుకుంటన్నాను," అన్నాడు. తర్వాత అన్నాడు, "ఏదీ, నాకివ్వండా గొట్టం. నేనే వేత్తాను."

కొళాయి నీళ్లు ఆయనే పట్టాడు. వాన నీళ్లు పక్కన పెట్టాను. రెంటిలోనూ పూల నీళ్లు ఆయనే పోశాడు. ఆకుపచ్చగా తిరిగిన ఫ్లాస్కులోకి నిమ్మరసం ఒక్కో చుక్క వేస్తూ పైకే లెక్కపెట్టాడు. పక్క ఫ్లాస్కు రంగుకి దిగేదాకా పదకొండు చుక్కలు పట్టింది. నమ్మలేక మళ్లీ మొదటి నుంచి చేశాడు. మళ్లీ పదకొండు. మా క్లాసులో రెండోసారి చేసి చూసుకునేవాళ్లు ముగ్గురికి మించి లేరు.

"ఈ దీపానికి నీళ్లు బాగున్నాయని చెప్పేదెవరో చూద్దాం పదండి," అని దీపం వెనక పలక విప్పాడు. లోపల నీళ్లలో మునిగి ఉండే కొలత కడ్డీ ఒకటి ఉంది. దాని చుట్టూ సున్నం గట్టిగా పెచ్చు కట్టి ఉంది. కడ్డీకి నీళ్లే తగలడం లేదు. ఎప్పటిదో కొలతని పట్టుకుని దీపం తెల్లగా వెలుగుతూ కూర్చుంది.

"రోజూ దీపం అద్దం తుడిచానండి," అన్నాడు వీర్రాజు గారు. "దీని సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."  నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆఫీసు జవాబు కాగితం బల్ల మీదే ఉంది. దాన్ని ఒకసారి చూశాడు. లేచి, రెండు చేతులతో గేటు చక్రం తిప్పాడు. తర్వాత గంట కొట్టి ఊరిని పిలిచాడు. నన్ను మాట్లాడనివ్వలేదు. తన చేతులు పైకెత్తి అందరికీ చూపించి, జరిగింది ఆయనే చెప్పాడు. భయపడి పడవల వైపు పరిగెత్తినవాళ్లు ఎవరూ లేరు. వీర్రాజు గారు చెప్పారు కాబట్టి నిలబడి విన్నారు.

28వ రోజు, శుక్రవారం. ఉదయం 10కి కడుగుడు మొదలు.

యంత్రం ఎప్పటిలాగే కడుక్కుంది. మూసిన గేటు వెనక గొట్టంలోంచి వీర్రాజు గారు, నేను నీళ్లు పట్టాం. శంఖుపూల నీళ్లు పోస్తే నీలం రాలేదు, ఆకుపచ్చ కూడా నిలవలేదు. చూస్తుండగానే పసుపుపచ్చగా మారిపోయింది. క్షారం బాగా ఎక్కువైతేనే అలా అవుతుంది. నేను దాన్ని మా ప్రయోగశాలలో తప్ప ఎక్కడా చూడలేదు. తాగే నీళ్లలో చూస్తాననుకోలేదు.

"ఈపాటికి బళ్లో మధ్యాహ్నం గ్లాసులు నింపేవాళ్లండి," అన్నాడాయన.



30వ రోజు. సభలు లేవు. పీపాలు 46.

మా పంటు ఇప్పుడు నీళ్ల పంటు. పోలయ్య బాబాయి రోజుకి రెండుసార్లు పాటిలంక వెళ్లి పీపాలతో మంచినీళ్లు తెస్తున్నాడు. మొత్తానికి వాసన లేని పని దొరికిందని ఆయన సంతోషం. మేం ముగ్గురం పీపాలు దొర్లిస్తున్నాం. నడుములు పడిపోయాయి. ఇళ్ల కప్పుల మీద పట్టలు కట్టి వాన నీళ్లు కూడా పడుతున్నారు. ప్రతి పీపా దగ్గరా రెండు గ్లాసులు, శంఖుపూల సీసా. తీగ బోసిపోయింది. ఊళ్లో ఎవరి పెరటి కుండీలో శంఖుపూలు ఉన్నా తెచ్చి ఇస్తున్నారు.

33వ రోజు. పీపాలు 51. పగిలినవి: ఏడు (పిల్లలు. ఒక్కటీ రాయొద్దని బతిమాలారు. రాస్తున్నాను).

చుక్కలు లెక్కపెట్టడం ఊళ్లో పెద్ద ఆటైపోయింది. వాన నీళ్లు, పీపా నీళ్లు, సముద్రపు నీళ్లు, టీ, మజ్జిగ, ఒక పిల్ల తాతగారి తాంబూలం ఉమ్ము. దేనికి ఎన్ని చుక్కలు పడతాయో పందేలు. "ఎందుకు?" అని అడిగేవాళ్లతో షంషాద్‌కి తీరిక లేదు. ఈ యాత్రలో తిరిగిన రేవులన్నీ కలిపినా ఇన్ని ప్రశ్నలు రాలేదు. గొంతు పోయి సైగలతో చెబుతోంది, అయినా మొహం వెలిగిపోతోంది.

అచ్చియ్యమ్మ గారు ఒక్కతే మండిపడుతోంది. పప్పుకి గంట పడుతోందని నన్ను రోజూ తిడుతోంది. ఆమె వేళ్ల మీద కొత్త చర్మం వచ్చింది. ఆ మాట అంటే వినబడనట్టు నటిస్తుంది. కానీ వంటింటి గుమ్మంలో రెండు గ్లాసులు పెట్టుకుంది. పీపా పీపాకీ చూసిగానీ పొయ్యి వెలిగించడం లేదు.

రత్నాకర్ ఇవాళ ఉప్మా చేయలేదు. ఇడ్లీ చేశాడు. వాడు నన్ను క్షమించాడని అలా తెలిసింది.

37వ రోజు. కొత్తలంక. జనం: ఊరంతా.

నిన్న మెకానిక్కు వచ్చాడు. వాల్వు మార్చాడు, కడ్డీ గీకాడు, దీపం వెంటనే ఎర్రబడింది. యంత్రం గొట్టాల్లో నీళ్లు పారించి కడిగాక తెల్లబడింది. ఆఫీసు కాగితం గురించి అతను ఏదో అనబోయి, వీర్రాజు గారి చేతులు చూసి ఊరుకున్నాడు. ఇవాళ తెల్లవారుజామున గేటు ఎత్తి, ఊరి గొట్టాల్లో నిలిచిన పాత నీళ్లు కూడా సముద్రంలోకి వదిలేశారు.

ఊరంతా రేవు కొళాయి దగ్గరికి వచ్చింది. వీర్రాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొడుగులు లేకుండా, మొదటి నీళ్లు పట్టి నాకిచ్చారు. పక్కన వాన నీళ్లు పెట్టాను. రెంటిలోనూ పూల నీళ్లు పోశాను. రెండూ నీలం. తల ఎత్తాను.

రెండువేల మంది నన్ను చూస్తున్నారు. గ్లాసుల్ని ఒక్కరూ చూడడం లేదు. నేను తలూపితే తాగుతారు, అడ్డంగా ఊపితే తాగరు. ఇన్నేళ్లూ ఆ దీపాన్ని ఎలా చూశారో అలాగే చూస్తున్నారు.  కొలత కడ్డీకి పెచ్చు కట్టినట్టు రేపు నా బుద్ధికీ కట్టొచ్చు. ఇంతకు ముందే ఒకసారి కట్టింది కదా.

"నన్ను కాదండీ, గ్లాసుల్ని చూడండి. ఎవరింటికి వాళ్లు వెళ్లి, ఎవరి కొళాయి వాళ్లు చూసుకోండి," అన్నాను.

గొణుక్కుంటూ వెళ్లారు. కాసేపటికి అన్ని వీధుల్లోంచీ నీలం, నీలం అని కేకలు. షంషాద్ నన్ను కౌగిలించుకుంది. నేను ఈ పుస్తకం తెరిచి, "కొత్తలంక నీళ్లు మంచివి. ఉదయం 9 గంటలు" అని రాసేశాను.

అప్పుడు అచ్చియ్యమ్మ గారు కొంగు బిగించి, రెండు గ్లాసులు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఎవరమ్మా మంచివన్నది? నా కొళాయి నీళ్లు చూడు. ఇది నీలమా?"

చూశాను. నా కంటికి నీలంగానే ఉంది. ఆ మాటే చెప్పాను. పెద్దగా చెప్పాను, అందరూ వినేలా.

"కాదు," అంది ఆమె. "పక్కన పెట్టి చూడు. వెలుగుకి ఎత్తి చూడు."

ఎత్తి చూశాను. రెండో గ్లాసు పక్కన, సన్నగా, ఉండీ లేనట్టు ఆకుపచ్చ. నిమ్మరసం ఆమే వేసింది. రెండు చుక్కలు పట్టింది. వీర్రాజు గారు నుదురు కొట్టుకున్నారు. మెస్సు ఊరికి ఆ చివర ఉంది, దాని తర్వాత గొట్టం ఎటూ పోదు. పాత నీళ్లు ఆ కొసలో అలాగే నిలిచిపోయి ఉన్నాయి. మేం ముగ్గురం గానీ, మెకానిక్కు గానీ, ఎవరం ఆ కొస గురించి ఆలోచించలేదు.

ఇంత మంది ఎదుట తప్పు తేలితే సిగ్గుపడాలి. నాకు మాత్రం నవ్వాగలేదు. ఎమ్మెస్సీలో మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు.

"నవ్వుతావేంటి? అది కొట్టెయ్," అని పుస్తకం మీద వేలు పెట్టింది.

కొట్టేశాను. ఆ కొస కొళాయి తిప్పి నీళ్లు సముద్రంలోకి వదిలేశాం. అచ్చియ్యమ్మ గారు పీట వేసుకుని అక్కడే కూర్చుంది. పావుగంటకోసారి పట్టి చూసి, ఇంకా కాలేదు అంటూ వచ్చింది. ఊరంతా గ్లాసులు పట్టుకుని ఆమె చుట్టూ నిలబడింది. ఎవరూ నన్ను అడగలేదు. పదకొండున్నరకి ఆమె గ్లాసు వెలుగుకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, పక్కనున్న ఇద్దరికి చూపించి వాళ్లు కూడా అవునన్నాక, గటగటా తాగేసింది.

కొత్తలంక నీళ్లు మంచివి. ఉదయం 11 గంటల 30 నిమిషాలు. చూసి చెప్పినవారు: అచ్చియ్యమ్మ గారు.